కుడిచేతి రాగిణి

మా ఇంట్లో పాట లేదు.
నూరుడు ఉంది.
ఇంగిలీకం నూరితే ఒక చప్పుడు,
హరిదళం నూరితే ఇంకో చప్పుడు.
కళ్లు మూసుకునే చెప్పగలను
ఏ రాయి ఏ రంగవుతోందో.

బసోలీ కోటలో ఎనభై నాలుగు రాగాలున్నాయట.
ఆరుగురు మగరాగాలు,
తలా అయిదుగురు పెళ్లాలు,
తలా ఎనిమిదిమంది కొడుకులు.
"కూతుళ్లు లేరా?" అన్నాను.
ధుంచూ కుంచె ఎత్తకుండానే నవ్వాడు.

అందరికీ ముఖాలు రాయమని రాజుగారి మాట.
పాటగాళ్లు కూర్చునే గదిలోకి మావాళ్లకి దారి లేదు.
పటాలు మాత్రం పోతాయి లోపలికి,
పట్టుగుడ్డ కప్పుకుని, పెళ్లికూతుళ్లలా.

అతను ఒక్క రాగమూ విని ఎరగడు.
కాగితం వెనక
పండితుడు టాక్రీ అక్షరాల్లో గిలికిన ముక్కే ఆధారం.
ఈమె ఆకుల మీద వాన.
ఇది చాకిరేవు.
వీడు పాము బుస.
ఒకదాని వెనక మాత్రం:
చల్ల చిలికినట్టు.

ఆ రాత్రి నన్ను తట్టి లేపాడు.
"ఒకసారి చిలుకు."
"చల్ల లేదు."
"నీళ్లు పోసి చిలుకు."
పిచ్చా నీకు అనబోయి
దీపం వెలిగించాను.

కుండ, కవ్వం, తాడు.
రావీ ఏటి గాలి తలుపు సందుల్లోంచి లోపలికొచ్చే నెల.
వేళ్లు కొంకర్లు పోయాయి.
అటక మీద అత్త దగ్గి, అటు తిరిగి పడుకుంది.
అతను గోడకి జారబడి
చెవి కుండవైపు తిప్పి
అలాగే ఉండిపోయాడు.
పన్నెండేళ్ల కాపురంలో
నన్నెవరూ అంతసేపు వినలేదు.
నేను ఏమీ అనడం లేదు కూడా.

తర్వాత నలభై రోజులు.
ఉడతతోక వెంట్రుకలు పావురం ఈకలో బిగించింది నేను.
వానాకాలంలో జీరంగులు ఏరి
రెక్కలు డబ్బాలో దాచింది నేను.
ఒక్కో రెక్కనీ గోరంత కత్తిరించి
ఆమె కమ్మల్లో అంటించాడు.
మరకతం అనుకుంటారు రాణీవాసంలో.
అది చెట్టు మీద వాలే ముందు
ఎలా ఝుమ్మనేదో వాళ్లకేం తెలుసు.

అకీకు రాయితో రుద్ది, నునుపు చేసి,
చివరికి చూపించాడు.
ఎర్ర అంచు. ఆవపువ్వు రంగు ఆకాశం.
చెవుల దాకా సాగిన కళ్లు. నావి కావు.
మోచేతి మీద కాలిన మచ్చ లేదు, పోనీ.
కుండ మాత్రం నాదే,
మూతి దగ్గర పెచ్చు ఊడిన చోటుతో సహా.

కానీ తాడు.
కుడిచెయ్యి వెనక్కి, చెవి దాకా లాగి ఉంది.

నాది పుర్రచేతివాటం.
అమ్మ గరిటె కాల్చి బెదిరించినా మారనిది.
ఎడమ లాగుడు పొడుగు,
కుడి లాగుడు పొట్టి.
అందుకే నా చల్ల
ఎప్పుడూ కొంచెం కుంటుతూ పలుకుతుంది.

అడగకముందే అన్నాడు, నేల చూస్తూ:
"ఎడమచేతి రాగిణి కోటలో చెల్లదు."

సాయంత్రం పట్టుగుడ్డ వచ్చింది.
పటం వెళ్లింది.
దాని ముందు ఎవరో కూర్చుని
ఆ కుడిచేతికి తగ్గట్టు, సమంగా,
పాడుతూనే ఉంటారనుకుంటాను.

ఇవాళ పొద్దున్నే
గోడకి అవతల ఇంగిలీకం నూరుతున్నాడు.
నేను ఇవతల చిలుకుతున్నాను, నిజం చల్లే.
కాసేపటికి గమనించాను.
రాయి కుంటుతోంది.
పొడుగు, పొట్టి.
పొడుగు, పొట్టి.

నేను ఆపితే ఆపుతాడేమోనని
వెన్న తేలిపోయినా
తాడు వదల్లేదు.

"కొత్త కాగితం వెనక ఏముంది?" అని అరిచాను.
"మేక," అన్నాడు.